ఏ శ్రీకాకుళం? ఏ కొత్తవలస?
కంపైలరు పేర్లను పోల్చుకొనే తీరు

విజయనగరం బస్సు స్టేషనులో బెంచీమీద కూర్చున్న ఒక పెద్దాయన ప్రక్కనున్న విద్యార్థిని పలకరించినాడనుకొనండి.

"ఏ ఊరు బాబూ మీది?"

"కొత్తవలసండి."

"ఏ కొత్తవలస?"

మన ఉత్తరాంధ్రలో ఈ రెండవ ప్రశ్న తప్పదు. విశాఖపట్నం నుండి విజయనగరం వచ్చే రైలుమార్గం మీద, కిరండూలు లైను చీలే చోట ఉన్న కొత్తవలస అందరికీ తెలిసినదే. కాని ఆ పేరు ఆ ఒక్క ఊరి సొత్తు కాదు. వలస వచ్చిన జనం క్రొత్తగా ఊరు కట్టుకొన్న ప్రతిచోటా ఒక కొత్తవలస వెలసింది. అంతదాకా ఎందుకు, శ్రీకాకుళమే రెండున్నవి. ఒకటి నాగావళి ఒడ్డున ఉన్న మన జిల్లా కేంద్రం. రెండవది కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో, ఆంధ్ర మహావిష్ణువు ఆలయమున్న శ్రీకాకుళం. దివిసీమ ప్రాంతపు వ్యక్తి "శ్రీకాకుళం వెళ్ళి వస్తాను" అంటే అతని ఇంటివారు సాయంత్రానికి తిరిగి వస్తాడనే అనుకొంటారు. అదే మాట ఆమదాలవలసలో అంటే అర్థం వేరు.

ఊరి పేరు ఒంటరిగా చెప్పితే చాలనప్పుడు దాని ముందు మండలమో, జిల్లానో చేర్చుతాము. "కృష్ణా జిల్లా శ్రీకాకుళం" అంటాము. వ్యాకరణంలో విశేషణం చేసే పని ఇదే కనుక, ఇట్లా చేర్చిన పేరును ఈ వ్యాసంలో "విశేషిత నామం" అందాము. కంప్యూటరుకు వ్రాసే ప్రోగ్రాములలో ఇట్టి పేర్లు వేలకు వేలు వస్తాయి. వాటిని చదివి, ఏ పేరు దేనికి చెందినదో తేల్చి, యంత్రానికి అర్థమయ్యే ఆజ్ఞలుగా మార్చే పని కంపైలరుది. అందులో పొరపాటు జరిగితే ఏమౌతుందో ఒక మార్కుల పట్టికతో చూద్దాము. ఉపాధ్యాయులకు అంతకంటె దగ్గరి వస్తువు మరొకటి లేదు గదా.

పేరు కాదు, దారి

కంపైలరు అంటే అనువాదకుని వంటి ప్రోగ్రాము. మనుష్యులు చదువుకొనే భాషలో వ్రాసిన దానిని యంత్రభాషలోకి మార్చుతుంది. 1957లో ఐబిఎం సంస్థలో జాన్ బాకస్ బృందం తయారుచేసిన ఫోర్‌ట్రాన్ కంపైలరు తొలినాటి వాటిలో ప్రసిద్ధమైనది. అది లెక్కల కొరకు పుట్టిన భాష. అందులో పేర్లు పొట్టివి, ఒంటరివి. ఆ తరువాత వ్యాపార లెక్కలు, జీతాల పట్టికలు, జాబితాలు కంప్యూటరు ముందుకు వచ్చినప్పుడు ఒంటరి పేర్లు చాలలేదు. ఉద్యోగికీ పేరుంటుంది, అతని కుమారునికీ పేరుంటుంది, అతడు పనిచేసే కార్యాలయానికీ పేరుంటుంది. "పేరు" అనే పేరు ఒక్కటే ఐతే ఎవరి పేరని అర్థం?

ఒక విద్యార్థి వివరాలను ఈ విధంగా అమర్చినామనుకొందాము. విద్యార్థి అనే రికార్డులో వరుససంఖ్య, పేరు, చిరునామా, మార్కులు అనే నాలుగు గుణాలున్నవి. చిరునామా మళ్ళీ ఒక చిన్న రికార్డు. దానిలో గ్రామం, మండలం, జిల్లా, పిన్ ఉన్నవి. మార్కులలో తెలుగు, లెక్కలు, సైన్సు ఉన్నవి. నేటి భాషలు చాలవరకు ఈ గుణాలను చుక్కలతో కలిపి వ్రాస్తాయి:

విద్యార్థి.చిరునామా.పిన్

చూడడానికి ఇది మూడు ముక్కల పేరు. నిజానికి ఇది పేరు కాదు, దారి. మొదటి ముక్క బయలుదేరే చోటు. తరువాతి ప్రతి ముక్కా ఒక మలుపు. రెండవ ముక్కను ఎక్కడ వెతకవలెనో మొదటిది చెప్పుతుంది. మూడవదానిని ఎక్కడ వెతకవలెనో రెండవది చెప్పుతుంది. చుక్కకు కుడివైపున ఉన్న పేరును ఏ పట్టికలో వెతకవలెనో ఎడమవైపున ఉన్నదాని రకం నిర్ణయిస్తుంది. ఈ వ్యాసంలో ఒక్క వాక్యమే గుర్తుంచుకొనగలిగితే దీనిని గుర్తుంచుకొనండి.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. ఈ చుక్కల క్రమం తెలుగువారికి సహజమైనది. మనం "విద్యార్థి చిరునామాలోని పిన్" అంటాము. పెద్దది ముందు, చిన్నది తరువాత. ఇంటిపేరూ అంతే. గురజాడ అప్పారావు, ఆదిభట్ల నారాయణదాసు, గిడుగు రామమూర్తి అంటాము గాని తిరగవేసి అనము. ఇంగ్లీషువారి నడక వేరు. 1959-60లో వెలువడిన కోబాల్ భాష ఇంగ్లీషు వాక్యంవలె ఉండవలెనని తలపెట్టినవారు, విశేషిత నామాన్ని "పిన్ ఆఫ్ చిరునామా ఆఫ్ విద్యార్థి" అనే క్రమంలో వ్రాయించినారు. లోపలి నుండి బయటికి! కవరు మీద మనం వ్రాసే చిరునామా కూడ ఈ క్రమంలోనే ఉంటుంది. ముందు మనిషి పేరు, చివర జిల్లా. ఐతే ఉత్తరాలను వేరుచేసే తపాలా ఉద్యోగి దానిని క్రింది నుండి పైకి చదువుతాడు. కోబాల్ కంపైలరు కూడ అదే చేయవలసి ఉంటుంది. ఏ క్రమంలో వ్రాసినా వెతుకులాట మాత్రం బయటి నుండి లోపలికే సాగవలెను. 1967లో నార్వేలో డాల్, నిగార్డ్ రూపొందించిన సిమ్యులా 67 భాష వస్తువుల గుణాలకు చుక్కను వాడింది. తరువాత వచ్చిన భాషలలో ఎక్కువ భాగం అదే బాట పట్టినవి.

మొదటి ముక్క తెలియడం ఎట్లా?

దారి ఎంత స్పష్టంగా ఉన్నా బయలుదేరే చోటు తప్పితే ప్రయోజనం లేదు. "విద్యార్థి" అనే మొదటి ముక్కకు ఎడమవైపున ఏమీ లేదు. మరి దానిని ఎక్కడ వెతకవలెను?

దీనికి కంపైలరు వాడే సూత్రం దివిసీమవాని సూత్రమే. అందరికంటె దగ్గరగా ఉన్నదానిని ముందు చూడవలెను. ప్రోగ్రాములో ఒక చిన్న భాగం లోపల "విద్యార్థి" అని ఒక పేరును ప్రకటించి ఉంటే, ఆ భాగంలో ఆ పేరుకు అదే అర్థం. అక్కడ లేకపోతే దానిని చుట్టి ఉన్న పెద్ద భాగంలో చూడవలెను. అక్కడా లేకపోతే మరింత బయటికి పోవలెను. చివరి దాకా దొరకకపోతే "ఇట్టి పేరు లేదు" అని చెప్పి అనువాదం ఆపవలెను. ప్రతి పేరుకూ ఇట్లా ఒక పరిధి ఉంటుంది. 1960 నాటి ఆల్గాల్ భాష ఈ పద్ధతికి చక్కని రూపం ఇచ్చింది.

ఇందులో ఒక చిక్కున్నది. దగ్గరి పేరు దూరపు పేరును కప్పివేస్తుంది. బయట ఉన్న "విద్యార్థి"ని ఉద్దేశించి వ్రాసినవాడు లోపల అదే పేరు మరొకటి ఉన్నదని మరచిపోతే, కంపైలరు ఫిర్యాదు చేయదు. దానికి ఒక విద్యార్థి దొరికినాడు, అంతే చాలును.

కొన్ని భాషలు సౌకర్యం కొరకు దారిలోని ముక్కలను వదిలివేయనిచ్చినవి. కోబాల్‌లో, 1960ల నడుమ ఐబిఎం తెచ్చిన పిఎల్/ఒన్‌లో, అర్థం ఒక్కటే అయినంతవరకు మధ్య పేర్లను విడిచి "విద్యార్థి.పిన్" అనవచ్చును. మొత్తం పట్టికలో పిన్ ఒక్కటే ఉంటే "పిన్" అని ఊరుకొన్నా చెల్లును. ఊరిలో ఒక్కడే సూర్యనారాయణ ఉన్నంతకాలం ఇంటిపేరు అక్కరలేదు కదా! ఐతే రేపు పాఠశాలకు కూడ ఒక పిన్ చేర్చినామనుకొనండి. నిన్నటిదాకా సవ్యంగా ఉన్న వాక్యం నేడు సందిగ్ధమౌతుంది. ఆ వాక్యాన్ని ఎవరూ ముట్టుకొనలేదు. కంపైలరు "ఏ పిన్?" అని అడిగి ఆగితే మేలే. దానికి తోచినదానిని ఎంచుకొంటే కీడు.

నిక్లాస్ విర్త్ 1970లో ప్రకటించిన పాస్కల్ భాషలో "విత్" అనే వాక్యం ఉండేది. "విద్యార్థి.చిరునామాతో" అని ఒకసారి చెప్పి, ఆ తరువాత గ్రామం, మండలం, పిన్ అని పొట్టిగా వ్రాసుకొనవచ్చును. చదవడానికి హాయి. కాని ఆ చిరునామా రికార్డుకు ఎవరో ఒకరు క్రొత్తగా "తేదీ" అనే గుణాన్ని చేర్చితే, లోపలి వాక్యాలలో బయటి "తేదీ"ని ఉద్దేశించి వ్రాసినవన్నీ చప్పుడు చేయకుండా చిరునామా తేదీకి మారిపోతాయి. జావాస్క్రిప్టులోనూ ఇట్టి వాక్యమే ఉండేది. 2009లో ఆ భాషకు "కఠిన పద్ధతి"ని చేర్చినప్పుడు, ఆ పద్ధతిలో దీనిని నిషేధించినారు. నా మట్టుకు నాకు ఆ నిషేధం సబబే అనిపిస్తుంది. నాలుగు అక్షరాల శ్రమ తగ్గించుకొనడానికి అర్థాన్ని తాకట్టు పెట్టనక్కరలేదు.

దీనికి వ్యతిరేకమైన కథ సి భాషది. 1970లలో డెనిస్ రిచీ రూపొందించిన ఆ భాష తొలి కంపైలర్లలో, ఏ రికార్డు గుణాలు ఆ రికార్డు పట్టికలో ఉండేవి కావు. అన్ని రికార్డుల గుణాలకూ కలిపి ఒకే పట్టిక ఉండేది. అందుచేత రెండు రికార్డులలో "సైజ్" అనే గుణం వేర్వేరు చోట్ల ఉండడానికి వీలు లేకపోయింది. ప్రోగ్రాములు వ్రాసేవారు ప్రతి గుణానికీ ఒక ఇంటిపేరు తగిలించినారు. ఫైలు వివరాల రికార్డులో "ఎస్‌టి_సైజ్", కాలం రికార్డులో "టిఎం_అవర్" అని నేటికీ కనిపించే పేర్లు ఆనాటి గుర్తులే. ఒక్కొక్క రికార్డుకూ సొంత పట్టిక ఏర్పడిన తరువాత ఇంటిపేర్ల అవసరం పోయింది, పేర్లు మాత్రం మిగిలిపోయినవి.

పేరు పోయి సంఖ్య మిగులుతుంది

ఇప్పుడు అసలు ఘట్టానికి వద్దాము. యంత్రానికి విద్యార్థీ తెలియడు, చిరునామా తెలియదు. దానికి తెలిసినది వరుసగా అంకెలు వేసిన చిన్న గదుల బారు. ఆ గదిని బైటు అంటారు. కంపైలరు ప్రతి గుణానికీ కొన్ని బైట్లు కేటాయించి, రికార్డు మొదటి నుండి అది ఎంత దూరంలో ఉన్నదో తన పట్టికలో వ్రాసుకొంటుంది.

వరుససంఖ్యకు 4 బైట్లు. అది దూరం 0 వద్ద మొదలౌతుంది. పేరుకు 40 బైట్లు, దాని దూరం 4. కనుక చిరునామా దూరం 44. చిరునామా లోపల గ్రామానికి 30, మండలానికి 30, జిల్లాకు 30 బైట్లు ఇచ్చినామనుకొందాము. వాటి దూరాలు వరుసగా 0, 30, 60. తరువాత పిన్ 90 వద్ద రావలెను. కాని 4 బైట్ల సంఖ్యలు 4 చేత భాగింపబడే చోట మొదలైతే యంత్రానికి చదవడం సులువు. 90ని 4 భాగించదు. అందుచేత కంపైలరు రెండు బైట్లను ఖాళీగా వదిలి పిన్‌ను 92 వద్ద పెట్టుతుంది. చిరునామా మొత్తం 96 బైట్లు. ఆ తరువాత మార్కులు 44కు 96 కలిపితే వచ్చే 140 వద్ద మొదలౌతాయి. తెలుగు 140, లెక్కలు 144, సైన్సు 148. రికార్డు మొత్తం 152 బైట్లు.

విద్యార్థి రికార్డు యంత్రస్మృతిలో 10000వ బైటు వద్ద ఉన్నదనుకొందాము. కంపైలరు "విద్యార్థి.చిరునామా.పిన్"ను ఇట్లా చదువుతుంది. విద్యార్థి: 10000, రకం విద్యార్థి రికార్డు. ఆ రికార్డు పట్టికలో చిరునామా: దూరం 44, రకం చిరునామా రికార్డు. ఆ రికార్డు పట్టికలో పిన్: దూరం 92, రకం సంఖ్య. మొత్తం 10136. యంత్రానికి వెళ్ళే ఆజ్ఞ ఒక్కటే: "10136 నుండి నాలుగు బైట్ల సంఖ్యను తీసుకొనుము." మూడు ముక్కల పేరు ఒక సంఖ్యలో కరిగిపోయింది. నలభైమంది తరగతి ఐతే, ఏడవ విద్యార్థి పిన్ కొరకు ఆరు రికార్డులు దాటవలెను. ఆరు నూట యాభైరెండ్లు 912. దానికి 10136 కలిపితే 11048.

తపాలా శాఖ 1972 ఆగస్టు 15న పిన్‌కోడును ప్రవేశపెట్టినప్పుడు చేసిన పని ఇదే. ఊరి పేరుకు బదులు సంఖ్య. శ్రీకాకుళం 532001, విజయనగరం 535001. మొదటి మూడు అంకెలు ఉత్తరాలను వేరుచేసే తపాలా విభాగాన్ని చెప్పుతాయి. అది రెవెన్యూ జిల్లా కానక్కరలేదు. రాజాం 2022లో శ్రీకాకుళం జిల్లా నుండి విజయనగరం జిల్లాకు మారింది. దాని పిన్ మాత్రం 532127గానే ఉండిపోయింది. విశేషణం మారినా సంఖ్య మారలేదు. రైల్వేవారి సంగతి ఇంకా వినోదం. శ్రీకాకుళం రోడ్ స్టేషనుకు నేటికీ వాడే సంకేతం "సిహెచ్‌ఇ". బ్రిటిషువారు ఈ ఊరిని చికాకోల్ అన్న రోజుల అవశేషం అది. ఇంతకూ ఆ స్టేషను ఉన్నది శ్రీకాకుళంలో కాదు, ఆమదాలవలసలో!

ఆ స్టేషను వంటి గుణాలు ప్రోగ్రాములలోనూ ఉన్నవి. చిరునామా రికార్డు విద్యార్థి రికార్డు లోపలే ఉన్నదని ఇంతవరకు అనుకొన్నాము. అట్లా కాక, చిరునామా మరెక్కడో ఉండి, విద్యార్థి రికార్డులో "అది ఫలానా చోట ఉన్నది" అనే సూచన మాత్రమే ఉండవచ్చును. శ్రీకాకుళం రోడ్‌లో దిగి బస్సెక్కి శ్రీకాకుళం పోయినట్లు, యంత్రం కూడ రెండడుగులు వేయవలెను. మొదట సూచనను తీసుకొనవలెను, తరువాత అది చూపే చోటికి పోయి పిన్‌ను తీసుకొనవలెను. వ్రాతలో రెండింటికీ ఒకే చుక్క. ఆజ్ఞలలో మాత్రం తేడా ఉన్నది. ఏది లోపలిదో, ఏది సూచనో కంపైలరు రకాన్ని బట్టి తెలుసుకొంటుంది.

చదవడం, దిద్దడం

"విద్యార్థి.చిరునామా.పిన్ = 535001" అని వ్రాస్తే, చదవడం కాదు, దిద్దడం. దారిలో మొదటి ముక్కలను వెతికి పట్టుకొనవలెను. చివరి ముక్క దగ్గర మాత్రం తీసుకొనడానికి బదులు పెట్టవలెను.

కొన్ని గుణాలు నిల్వ ఉండవు. "విద్యార్థి.మొత్తం" అని అడిగినప్పుడు అప్పటికప్పుడు మూడు మార్కులనూ కూడి ఇచ్చే గుణం ఉండవచ్చును. చూపుకు అదీ చుక్కే. కాని కంపైలరు అక్కడ దూరాన్ని లెక్కవేయదు, ఆ కూడికను చేసే చిన్న ప్రోగ్రామును పిలిచే ఆజ్ఞను వ్రాస్తుంది.

ఇప్పుడు చిరునామా కూడ ఇట్లా అప్పటికప్పుడు తయారై వచ్చే గుణమనుకొందాము. పిలువగా వచ్చినది అసలు చిరునామా కాదు, దాని నకలు. ఆ నకలులో పిన్ దిద్దితే ఏమౌతుంది? రేషను కార్డు జిరాక్సు కాపీమీద పేరు దిద్దినట్లే. కాగితంమీద దిద్దుబాటు కనిపిస్తుంది, డిపోలో మాత్రం పాత పేరే ఉంటుంది. సి-షార్ప్ వంటి భాషల కంపైలర్లు ఈ సందర్భంలో "ఇది దిద్దదగిన వస్తువు కాదు" అని అనువాదాన్ని నిరాకరిస్తాయి. క్రొత్తగా నేర్చుకొనే విద్యార్థులు దానిని చాదస్తమని విసుగుకొంటారు. నిరాకరించకపోతే ఆ దిద్దుబాటు గాలిలో కలిసిపోయేదని వారికి తట్టదు.

జిల్లా పేరు పెరిగితే మార్కులు పోయినవి!

ఇక ముందు అన్న పొరపాటును చూద్దాము. ఇది కల్పించిన ఉదాహరణయే గాని, అంకెలు మాత్రం సరిగా వేసినవే.

పార్వతీపురం జిల్లా పేరు ఒక మనిషి ఆయుర్దాయంలో మూడుసార్లు మారింది. 1949లో అక్కడ పుట్టినవారు విశాఖపట్నం జిల్లాలో పుట్టినారు. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా వేరుపడగా అందులో చేరినారు. 1979 జూన్ 1న ఏర్పడిన విజయనగరం జిల్లాలోకి వచ్చినారు. 2022 ఏప్రిల్ 4 నుండి పార్వతీపురం మన్యం జిల్లావారైనారు. ఇంతమాత్రాన ఇల్లు కదలలేదు. మన రికార్డు మాత్రం కదులుతుంది. ఎందుకో చూడండి.

నేడు ఎక్కువగా వాడే యుటిఎఫ్-8 సంకేతపద్ధతిలో తెలుగు అక్షరం ఒక్కొక్కదానికి, గుణింతపు గుర్తు ఒక్కొక్కదానికి, పొల్లుకు, సున్నకు మూడేసి బైట్లు పట్టుతాయి. "శ్రీకాకుళం" అనే పేరులో ఇట్టివి పది ఉన్నవి: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, క, దీర్ఘం, క, కొమ్ము, ళ, సున్న. మూడు పదులు ముప్ఫై. మనం జిల్లాకు ఇచ్చిన చోటుకు సరిగ్గా సరిపోయింది! "విజయనగరం"లో ఎనిమిది, 24 బైట్లు. కాని "పార్వతీపురం మన్యం"లో పదునారు గుర్తులు, నడుమ ఒక ఖాళీ. ఖాళీకి ఒక్క బైటే. మొత్తం 49. ముప్ఫై బైట్లలో పట్టదు.

కనుక జిల్లాకు 60 బైట్లు ఇచ్చి రికార్డును తిరిగి ప్రకటించినారనుకొందాము. ఇప్పుడు పిన్ చిరునామాలో 120 వద్దకు, చిరునామా మొత్తం 124 బైట్లకు, తెలుగు మార్కులు 140 నుండి 168కి జరిగినవి. ప్రోగ్రామును అంతటినీ మళ్ళీ కంపైలు చేస్తే చిక్కేమీ లేదు. విశేషిత నామాలన్నీ క్రొత్త పట్టికలో క్రొత్త సంఖ్యలకు దారి తీస్తాయి. కాని పెద్ద ప్రోగ్రాములు ముక్కలు ముక్కలుగా ఉంటాయి. వివరాలను నింపే ముక్కను మళ్ళీ కంపైలు చేసి, మార్కుల జాబితా అచ్చువేసే ముక్కను పాతదానినే ఉంచినారనుకొనండి. ఆ పాత ముక్కలో "మార్కులు.తెలుగు" అనే మాట లేదు. అది ఎప్పుడో చెరిగిపోయింది. అక్కడ ఉన్నది 140 అనే అంకె మాత్రమే.

క్రొత్త రికార్డులో 140 వద్ద ఏమున్నది? చిరునామా 44 వద్ద మొదలు, కనుక చిరునామాలో 96. జిల్లా 60 వద్ద మొదలు, కనుక జిల్లా పేరులో 36వ దూరంలోని బైటు. పార్వతీపురం మన్యం విద్యార్థికి అక్కడ "మ" అక్షరపు చివరి బైటు, "న" అక్షరపు మూడు బైట్లు ఉన్నవి. తక్కువ విలువ బైటును ముందు పెట్టుకొనే సాధారణ యంత్రాలు, గుర్తులేని సంఖ్యగా చదివితే, దానిని 283,01,64,142 అని చదువుతాయి. ఆ అమ్మాయికి తెలుగులో రెండువందల ఎనభైమూడు కోట్ల పైచిలుకు మార్కులు! అచ్చైన కాగితం చూసిన గుమాస్తా నవ్వి, ఏదో తప్పు జరిగిందని వెంటనే పట్టుకొంటాడు.

శ్రీకాకుళం విద్యార్థి సంగతి అట్లా కాదు. అతని జిల్లా పేరు 30 బైట్లతో ముగిసింది. మిగిలిన 30 బైట్లనూ సున్నలతో నింపి ఉంటారు. పాత ముక్క చదివే 36 మొదలు 39 వరకు బైట్లు నాలుగూ సున్నలే. అతనికి తెలుగులో సున్న. లెక్కలు 144 వద్ద, సైన్సు 148 వద్ద చదువుతుంది. అక్కడా సున్నలే. విజయనగరం విద్యార్థికీ అంతే. సున్న అనేది మార్కుల జాబితాలో వింత అంకె కాదు. పరీక్షకు రాలేదేమో, సరిగా వ్రాయలేదేమో అనుకొంటారు. యంత్రం ఆగలేదు, ఫిర్యాదు చేయలేదు. అది చెప్పిన చోటికి పోయి చెప్పినన్ని బైట్లు తెచ్చింది. కోట్ల మార్కులు వచ్చిన అమ్మాయి ఒక్కతె ఆ తరగతిలో ఉన్నందువల్లనే మిగిలినవారి సున్నలమీద ఎవరికైనా అనుమానం కలుగవలెను.

దీనికి విరుగుడు రెండు విధాలు. మొదటిది క్రమశిక్షణ. రికార్డు ప్రకటనను ఒకేచోట ఉంచి, అది మారినప్పుడు దానిని వాడే ముక్కలన్నిటినీ తిరిగి కంపైలు చేయించడం. ఏ ముక్క దేనిమీద ఆధారపడినదో గుర్తుంచుకొని ఈ పనిని చేసే సాధనాలున్నవి. రెండవది తొందరపడకపోవడం. 1995లో వచ్చిన జావా భాష కంపైలరు గుణాల దూరాలను లెక్కవేయదు. పేర్లను పేర్లుగానే ఉంచుతుంది. ప్రోగ్రాము నడిచే యంత్రంమీద, నడిచే వేళకు, ఆనాటి రికార్డును చూసి పేరును సంఖ్యగా మార్చుతారు. అప్పుడు గుణం లేకపోతే లేదని తెలుస్తుంది, జరిగి ఉంటే క్రొత్త చోటు తెలుస్తుంది. జావాస్క్రిప్టు వంటి భాషలలో ముందుగా రకమే తెలియదు కనుక ప్రతి చుక్క దగ్గరా నడిచే వేళ వెతకక తప్పదు. ఆ ఆలస్యాన్ని తగ్గించడానికి, ఒకసారి వెతికి కనుగొన్న దూరాన్ని ఆ ఆజ్ఞ ప్రక్కనే వ్రాసుకొని, మరుసటిసారి వస్తువు అదే రూపంలో ఉంటే వెతకకుండా వాడుకొనే ఉపాయాన్ని 1984లో స్మాల్‌టాక్ భాష కొరకు డాయిచ్, షిఫ్‌మన్ ప్రకటించినారు. నేటి బ్రౌజర్ల వేగానికి కారణాలలో అదొకటి. రెండు విరుగుళ్ళలోనూ ఖర్చున్నది. మొదటిదానిలో మనుష్యుల జాగ్రత్త, రెండవదానిలో యంత్రపు కాలం.

తరగతిలో ఈ పాఠం చెప్పదలచిన ఉపాధ్యాయులకు కంప్యూటరు అక్కరలేదు. పిల్లలచేత గళ్ళ కాగితంమీద రికార్డు గీయించి, ఎవరి ఊరి పేరు, మండలం పేరు వారిచేత నింపించవచ్చును. గుర్తుకు మూడేసి గళ్ళు. ఆమదాలవలసవారికి 24 గళ్ళు చాలును. గజపతినగరం, నరసన్నపేట వారికి 27. చీపురుపల్లి పిల్లవాడు మాత్రం ముప్ఫై గళ్ళూ నింపి ఆగిపోతాడు. అతని ఊరి పేరుకు 33 కావలెను. చివరి గుడి పడక "చీపురుపల్ల" అని మిగులుతుంది. రామభద్రపురం పిల్లకు సున్న పోతుంది. లక్కవరపుకోటవారికి చివరి "ట" పోతుంది. జిల్లా పేరును సరిదిద్దిన ఉత్సాహంలో మనం మండలాన్ని మరచినాము! మండలానికి కూడ 60 బైట్లు ఇచ్చి దూరాలను తిరిగి వేయించండి. పిన్ 150 వద్ద పడుతుంది గాని 4 చేత భాగింపబడాలి కనుక 152కు జరుగుతుంది. చిరునామా 156 బైట్లు. తెలుగు మార్కులు 200 వద్ద మొదలౌతాయి.